మూడో స్విచ్

మార్చి 5, బుధవారం

సౌండ్ రావడం లేదు.

ఆపరేషన్ మాత్రం బాగా జరిగిందట. పొద్దున ఎనిమిదికి లోపలికి తీసుకెళ్ళారు, మధ్యాహ్నం రెండింటికి బయటికి తెచ్చారు. ఆ సంగతి కూడా నాకు ఫోన్లోనే తెలిసింది. తమ్ముణ్ణి స్ట్రెచర్ మీద తోసుకెళ్తుంటే చూడలేక, షాపులో అర్జెంటు పని ఉందని మరదలికి చెప్పి వచ్చేశాను. ఏ అర్జెంటూ లేదు. కాటాలు రిపేరు చేసుకునేవాడికి అర్జెంటేముంటుంది? ఎవడి కాటానో యాభై గ్రాములు ఎక్కువ చూపిస్తుంది, అంతేగా. పిరికివాణ్ణి. చిన్నప్పుడు సూది వాడికి వేస్తుంటే ఏడుపు నేను ఏడ్చేవాణ్ణని అమ్మ అందరికీ చెప్పి నవ్వేది.

వాడి గొంతులో గడ్డ. గడ్డతోపాటు మాట పుట్టే పెట్టెను కూడా తీసేశారు. ఇక మెడకు పెట్టిన రంధ్రంలోంచే ఊపిరి పీలుస్తాడు. మాట్లాడలేడు, పాడలేడు. పదిహేనేళ్ళుగా హోటళ్ళలోనూ పార్టీల్లోనూ గిటార్ పట్టుకుని పాడి బతికినవాడు.

మొన్న సోమవారం సాయంత్రం వాడు నేను చేసిచ్చిన పెడల్, ఒక మైకు పట్టుకుని పై వాటాలో తన గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. నేను ఆరు నెలలు కూర్చుని చేసిన డిజిటల్ పెడల్. గిటార్‌ని దానికి తగిలించి, దాన్ని స్పీకరుకి తగిలించి వాయిస్తాడు. మూడు స్విచ్‌లుంటాయి. ఒక్కోదాంట్లో ఏదైనా రికార్డు చేసి దాచుకుంటే, తర్వాత కాలితో నొక్కినప్పుడల్లా అది వినిపిస్తుంది. అరగంట తర్వాత బయటికొచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, మొహంలో నవ్వుంది.

"అన్నయ్యా, మూడూ నింపేశా. నేను ఇంటికొచ్చాకే వినాలి. ముందే విన్నారో, కాళ్ళు విరగ్గొడతా ఒక్కొక్కరికీ."

"వెనకాల బుస్సుమని చప్పుడేమైనా వస్తోందిరా?" అన్నాను.

"కొంచెం వస్తోంది. వస్తే రానీ. నువ్వు మాత్రం ముట్టుకోకు."

వాడి గొంతుతో నేను విన్న ఆఖరి మాటల్లో ఇదొకటి. నేను ముట్టుకున్నాను.

ఇవాళ షాపులో పెడల్ విప్పి, ఆ బుస్సు తగ్గించడానికి కొత్త ప్రోగ్రాం ఎక్కిస్తూ ఉన్నాను. సరిగ్గా అప్పుడే ఆసుపత్రి నుంచి ఫోన్. అదిరిపడి లేచాను, బోర్డు వైరు చేతికి తగులుకుని బల్ల మీంచి జారింది, పట్టుకున్నాను. తర్వాత చూస్తే సౌండ్ లేదు.

ఏదో వైరు ఊడుంటుంది. అంతే. రేపు చూస్తాను.


మార్చి 6, గురువారం

లైటు వెలుగుతోంది. అంటే కరెంటు వస్తోంది. గిటార్‌కి తగిలించే వైరు మార్చాను, స్పీకరు మార్చాను, జాక్‌లు రెండూ గట్టిగా ఉన్నాయి. రాలేదు.

సాయంత్రం ఆసుపత్రికి వెళ్ళాను. తమ్ముడు కళ్ళు తెరిచి ఉన్నాడు. మెడ చుట్టూ కట్లు, మధ్యలో చిన్న గొట్టం. దాంట్లోంచి గాలి వచ్చీ పోతున్న చప్పుడు. నేను వాడి మొహం చూడకుండా దుప్పటి అంచు సర్దుతూ కూర్చున్నాను. వాడికి రాసుకోవడానికి ఒక తెల్ల పలక, మార్కరు ఇచ్చారు. వంకర అక్షరాలతో మొదట రాసిన మాట: "పెడల్?"

"బ్రహ్మాండంగా ఉంది" అన్నాను.

నా నోట్లో నువ్వుగింజ నానదంటుంది మా ఆవిడ. అబద్ధం మాత్రం చూడు, ఎంత నున్నగా జారిందో.


మార్చి 7, శుక్రవారం

అడాప్టర్ మార్చాను. రాలేదు.


మార్చి 8, శనివారం

రాసుకుంటే నయం. ఎవరికీ చెప్పను కాబట్టి ఇక్కడైనా రాయాలి.

మా షాపు ఓనరుకి మేమంతా గ్రాముగారని పేరు పెట్టాం. ఒక్క గ్రాము తేడా వచ్చినా ఆయన నిద్రపోడు. ముప్ఫై ఏళ్ళుగా ఆయన దగ్గర చేస్తున్నాను. ఆయన షాపులో ఒక రూలుంది. ఏ కాటా చిప్‌లోనైనా ప్రోగ్రాం ఎక్కించేముందు అందులో ఉన్నదంతా పూర్తిగా తుడిచెయ్యాలి. పాత సెట్టింగు రవ్వంత మిగిలినా కాటా తప్పు తూస్తుందని ఆయన భయం. కంప్యూటర్లో రెండు బటన్లుంటాయి, పక్కపక్కనే. 'ప్రోగ్రాం మాత్రమే', 'మొత్తం తుడువు'. మొదటిది నేను ఇన్నేళ్ళలో పదిసార్లు కూడా నొక్కి ఉండను. నా వేలు దానంతటదే రెండోదానికి వెళ్తుంది.

పెడల్లో ప్రోగ్రాం, వాడి రికార్డింగులు ఒకే చిప్‌లో ఉన్నాయి. రెండు చిప్‌లెందుకులే, ఒకటి చాలని నేనే అలా చేశాను.

బుధవారం ఫోన్ మోగినప్పుడు నా కుడిచెయ్యి మౌస్ మీద ఉంది. ఎడమచేత్తో ఫోన్ తీశాను. మరదలు "బావగారూ, అయిపోయింది, బానే ఉన్నాడు" అంది. నేను అమ్మయ్య అన్నాను. ఆ అమ్మయ్యలోనే ఏదో నొక్కాను.

ఏది నొక్కానో గుర్తు లేదు.

మొదటిదే నొక్కి ఉంటాను. పొద్దుటి నుంచీ మొదటిదే నొక్కాలని అనుకుంటూనే ఉన్నాను కదా. అనుకున్నాను. అది మాత్రం బాగా గుర్తుంది.


మార్చి 9, ఆదివారం

వాడి పాటలు ఫోన్లలో బోలెడున్నాయి కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. ఉన్నాయి. ఎవరో తీసిన వీడియోలు, గ్లాసుల చప్పుడు, మధ్యలో బిల్లు తెమ్మని అరిచేవాళ్ళు. అవి ఊరందరికోసం పాడినవి. ఈ మూడూ వేరు. ఇక మాట రాదని తెలిసి, తలుపేసుకుని, మా కోసం చెప్పినవి. మళ్ళీ చెప్పమంటే వాడు ఎక్కడినుంచి తెస్తాడు?

ఆ రికార్డింగులు ఉన్నాయో లేదో తేల్చుకోవడం రెండు నిమిషాల పని. షాపు కంప్యూటర్‌కి తగిలిస్తే చిప్‌లో ఏముందో తెర మీద కనబడుతుంది. కానీ ఇవాళ ఆదివారం, షాపు మూసి ఉంది.


మార్చి 10, సోమవారం

షాపు తెరిచే ఉంది. కంప్యూటర్ మీద గ్రాముగారు బిల్లులు కొడుతున్నారు. మధ్యాహ్నం ఖాళీ చేశారు. అప్పుడు నాకు ఆకలేసింది.

ఇంట్లో బోర్డు ముందేసుకుని కూర్చున్నాను. చిన్న స్పీకరుకి సన్నటి తీగ కట్టి, గిటార్ మీటుతూ ఆ తీగ మొనను బోర్డు మీద ఒక్కోచోట ఆనించడం. డాక్టరు గొట్టం పెట్టి చూసినట్టే. సౌండ్ ఎక్కడిదాకా వచ్చి ఆగిపోయిందో జబ్బు అక్కడున్నట్టు. లోపలికి వచ్చేచోట ఉంది. చిప్‌లోకి వెళ్తోంది. చిప్‌లోంచి బయటికీ వస్తోంది. అంటే ప్రోగ్రాం బాగా ఎక్కినట్టే, ఆగింది ఆ తర్వాత ఎక్కడో. ఇంకో నాలుగు చోట్లు చూస్తే అయిపోయేది.

కళ్ళు లాగుతున్నాయని ఆపేశాను.

మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి చాలాసేపు చూసిందట. "ఏంటండీ, ఆ డబ్బాని చూసినప్పుడల్లా తేలు కుట్టిన దొంగలా అయిపోతున్నారు?"

"సౌండ్ రావట్లేదు."

"రాకపోతే బాగుచెయ్యండి. మీ పనే అది కదా. ఊళ్ళోవాళ్ళ కాటాలు గంటలో చేసిచ్చేస్తారు, ఇంట్లో వస్తువు మాత్రం ఆరు రోజులు పడుతుందా?"

"దీంట్లో వందున్నాయి చూడాల్సినవి. నీకు తెలీదు."

"నాకు తెలీదు సరే. మీకు తెలుసు. అందుకే భయమేస్తోంది నాకు" అని వెళ్ళిపోయింది.


మార్చి 11, మంగళవారం

ఫాల్టు దొరకలేదు.


మార్చి 12, బుధవారం

నిన్న రాసింది అబద్ధం. ఎవరూ చదవని డైరీలో కూడా అబద్ధం రాసేవాణ్ణి ఏమనాలి?

దొరికింది. బయటికెళ్ళే దారిలో ఒక చిన్న కెపాసిటర్. గోరంత ఉంటుంది. దాని ఒక కాలి దగ్గర టంకం చిట్లిపోయింది. ఆ రోజు బోర్డు జారినప్పుడు వైరు లాగి ఉంటుంది. గోటితో దాన్ని నొక్కిపట్టి మోచేత్తో గిటార్ తీగ కదిపాను. సౌండ్ వచ్చింది. గదంతా నిండేలా వచ్చింది. ఆరు రోజుల తర్వాత.

ఎగిరి గంతెయ్యాలి నిజానికి. నేను మాత్రం గోరు తీసేశాను.

ఎందుకంటే అది బాగుపడితే స్విచ్ నొక్కాలి. స్విచ్ నొక్కితే తెలిసిపోతుంది. సౌండ్ రానంతకాలం, లోపల వాడి గొంతు ఉన్నట్టే. రిపేరులో ఉన్నట్టే. "ఇంకా చూస్తున్నా" అని ఎన్నాళ్ళైనా చెప్పొచ్చు. నేను సౌండ్ రావాలని కాదు, రాకూడదని కోరుకుంటున్నాను. ఇదీ నా సంగతి.

టంకం వెయ్యలేదు. ఒక్క చుక్క చాలు. వెయ్యలేదు.


మార్చి 13, గురువారం

ఆదివారం ఇంటికి పంపిస్తారట.

మరదలు బట్టల కోసం వచ్చింది, వెంట బుజ్జిది. బుజ్జిదానికి ఐదేళ్ళు. సరాసరి నా బల్ల దగ్గరికొచ్చి ముక్కు ఆనించి చూసింది.

"పెదనాన్నా, నాన్న మాట ఈ డబ్బాలో ఉందంట కదా?"

"ఎవరు చెప్పారమ్మా?"

"నాన్నే. వెళ్ళేముందు. నా మాట డబ్బాలో పెట్టి వెళ్తున్నా, పెదనాన్న కాపలా ఉంటాడన్నాడు. ఒక్కసారి మూత తీస్తావా? కొంచెమే చూస్తా."

"నాన్న వచ్చాక చూద్దాం."

"పాడైపోదుగా?"

నేను డబ్బా మీద గుడ్డ కప్పాను. మరదలు సంచీ సర్దుతూ అంది, "మీ తమ్ముడి పిచ్చి అది బావగారూ. ఆసుపత్రిలో కూడా పలక మీద ఊరికే ఆ పెడల్ బొమ్మే గీస్తున్నాడు. నొప్పి ఎక్కువైనప్పుడు మూడు వేళ్ళు చూపిస్తాడు నాకు. మూడూ ఉన్నాయి, భయపడకు అని. అది పట్టుకునే లేచి కూర్చున్నాడు మనిషి."

"అవునమ్మా" అన్నాను. ఇంకేమన్నానో తెలీదు.


మార్చి 14, శుక్రవారం

ఇవాళ చేసిన పని రాయడానికి సిగ్గేస్తోంది.

పెడల్‌ని షాపుకి పట్టుకెళ్ళాను. కంప్యూటర్‌కి పెట్టి చూద్దామనే తీసుకెళ్ళాను, ఒట్టు. వెళ్ళాక ఇంకో ఆలోచన వచ్చింది. కరెంటు తారుమారుగా ఇస్తే చిప్ మాడిపోతుంది. ఎర్రతీగ నల్లదాని చోట, నల్లతీగ ఎర్రదాని చోట. ఒక్క సెకను. తర్వాత ఎవరూ ఏమీ తేల్చలేరు. "చిప్ కాలిపోయిందిరా, నా కర్మ" అని వాడిముందు ఏడ్వొచ్చు. అందులో సగం నిజమే కూడా. నేను చెరిపానో లేదో నాకు కూడా ఎప్పటికీ తెలియదు. ఆ మాట తట్టగానే ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగడమంటే ఇదే.

తీగలు మార్చి పట్టుకున్నాను. ఎర్రది ఆనించాను. నల్లది ఆనించాలి.

"ఏంటయ్యా, ఎర్రది నల్లదాంట్లో పెడుతున్నావు?"

వెనకాల గ్రాముగారు.

"చూసుకోలేదండి."

"నువ్వు? ముప్ఫై ఏళ్ళల్లో నువ్వు ఒక్కసారి తీగ తప్పుగా పెట్టింది నేను చూళ్ళేదు. ఆ రెండూ కింద పెట్టు."

పెట్టాను. ఆయన స్టూలు లాక్కుని కూర్చుని నా మొహంలోకి చూశారు. దాంతో మొత్తం కక్కేశాను. ఫోన్, బటన్, కెపాసిటర్, ఆసుపత్రిలో చెప్పిన అబద్ధం, అన్నీ.

"కంప్యూటర్ ఇదిగో. తగిలించు. రెండు నిమిషాల్లో తేలిపోతుంది."

"వద్దండి."

"ఎందుకు?"

"తేలిపోతుందని."

ఆయన నవ్వుతారేమో అనుకున్నాను. నవ్వలేదు. "కాటా ఎక్కకపోతే బరువు లేకుండా పోతామటయ్యా? ఎక్కినా అంతే, ఎక్కకపోయినా అంతే. అద్దం పగలగొట్టి ఎన్నాళ్ళు తిరుగుతావు? తప్పు నీదైతే నీదను. తప్పు నా రూలుదైతే నాదను. ఆ చిప్‌ని మాత్రం ఏమీ అనకు, దానిదేం లేదు."

లేచి వెళ్తూ నా ఎదురుగా ఉన్న ఎర్రతీగ తీసి తన జేబులో వేసుకున్నారు. నన్ను నమ్మలేదన్నమాట. మంచిపని చేశారు.

కంప్యూటర్‌కి మాత్రం పెట్టలేదు.


మార్చి 15, శనివారం

మా ఆవిడకి చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. మంచం మీద కూర్చుని చాలాసేపు కొంగుముడి విప్పుతూ వేస్తూ ఉండి, "వాడికి మీరే చెప్పాలి. వాడు స్విచ్ నొక్కకముందే చెప్పాలి" అంది.

సరేనన్నాను.


మార్చి 16, ఆదివారం

ముందే చెప్పలేదు.

పదకొండింటికి వచ్చారు. తమ్ముడు సగమైపోయాడు. మెట్లెక్కడానికి నా భుజం పట్టుకున్నాడు, మెడ దగ్గర ఉస్సు ఉస్సుమని గాలి. పైకి చేరగానే మంచం ఎక్కమని మరదలంటుంటే, వాడు వినకుండా కింద చాప మీద కూర్చుని పెడల్ తెమ్మని చెయ్యి చూపించాడు. తెచ్చాను. గిటార్ తగిలించాడు, తీగ మీటాడు. సౌండ్ లేదు. నావైపు చూశాడు.

"చిన్న టంకం వెయ్యాలిరా" అన్నాను.

వెయ్యమన్నట్టు తల ఊపాడు. అక్కడే, వాడి ముందే, సోల్డరింగ్ కడ్డీ వేడిచేసి ఒక్క చుక్క వేశాను. పొగ మెడ గొట్టంలోకి పోతుందని మా ఆవిడ విసనకర్రతో విసిరింది. బుజ్జిది నాన్న ఒళ్ళో కూర్చుంది. వాడు తీగ మీటాడు. మోగింది. వాడి మొహం వెలిగిపోయింది. నన్ను చూసి బొటనవేలు పైకెత్తాడు. చెప్పాల్సింది అప్పుడే. మా ఆవిడ నన్ను మోచేత్తో పొడిచింది కూడా. దేవుడా, ఉండాలి, ఉండాలి, ఇంకేమీ అడగను అనుకుంటూ నిలబడ్డాను.

మొదటి స్విచ్ వాడు మరదలివైపు చూస్తూ నొక్కాడు.

బుస్సు. అంతే.

రెండోది బుజ్జిదాని చేత నొక్కించాడు. బుజ్జిది చెవి డబ్బాకి ఆనించి, "నాన్న నిద్రపోతున్నాడా?" అంది. మూడోది వాడే నొక్కాడు. నొక్కి, నావైపు చూశాడు.

అప్పుడు చెప్పాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అంతా అయ్యాక అన్నీ చెప్పాను. ముట్టుకున్నానని, మొత్తం తుడిచానని, ఫాల్టు దొరికీ దాచానని, మొన్న చిప్ కాల్చబోయానని కూడా. ఎవరూ అడగలేదు, అయినా చెప్పాను. ఆపుకోలేకపోయాను.

వాడు పలక తీసుకున్నాడు. "ముట్టుకోకు అని చెప్పాను కదా" అని రాశాడు. చూపించాడు. చెరిపి మళ్ళీ అదే రాశాడు. మూడోసారి రాస్తుంటే మార్కరు మొన లోపలికి పోయింది. పలక గోడకేసి కొట్టాడు. నోరు పెద్దగా తెరిచి అరిచాడు. చప్పుడు లేదు. మెడలోంచి గాలి మాత్రం తన్నుకొచ్చింది, మెడ నరాలు ఉబ్బాయి, కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. బుజ్జిది భయపడి ఏడ్చింది. వాడు ఎంత తిట్టాడో, ఏమేం తిట్టాడో నాకు ఒక్క ముక్క కూడా వినపడలేదు. వినపడి ఉంటే కొంచెం నయంగా ఉండేది.

మరదలు నన్ను బయటికి వెళ్ళమంది. బావగారూ అనలేదు. "వెళ్ళండి" అంది.


మార్చి 17, సోమవారం

పైకి వెళ్ళలేదు.


మార్చి 18, మంగళవారం

మా ఆవిడ వెళ్ళి వంట చేసిపెట్టి వస్తోంది. ఏమన్నాడని అడిగితే "ఏమంటాడు?" అంది. ఆ మాట నోరు జారిందని తనే నాలిక్కరుచుకుంది.

షాపులో ఒక కాటాకి ప్రోగ్రాం ఎక్కించాల్సి వచ్చింది. ఆ రెండు బటన్ల ముందు పావుగంట కూర్చున్నాను. చివరికి గ్రాముగారే వచ్చి నొక్కారు.

చిన్నప్పుడు వాడు నాతో మాట్లాడటం మానేస్తే ఒక పూట ఉండలేకపోయేవాణ్ణి. ఇప్పుడు వాడు మానేశాడో, మాట రాకపోవడమో, రెండూ కలిసిపోయాయి.


మార్చి 20, గురువారం

బుజ్జిది మెట్ల మీంచి కేకేసింది. "పెదనాన్నా, నాన్న రమ్మంటున్నాడు!"

ఆ పదహారు మెట్లు ఎలా ఎక్కానో నాకే తెలీదు. తమ్ముడు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ముందు పెడల్, చేతిలో మైకు. ఎదురుగా కూర్చోమని సైగ చేశాడు. నా మొహం చూడకుండా కొత్త పలక మీద గబగబా రాసి నా ఒళ్ళో పడేశాడు.

"1. వచ్చేశా, తలుపు తియ్."

"2. ఎవరదీ? ఎవరా బంగారం?"

మొదటిది మరదలికి. పదేళ్ళుగా ఏ వేళప్పుడు పని నుంచి వచ్చినా గుమ్మంలో నిలబడి వాడనే మాటే అది. రెండోది బుజ్జిది స్కూలు నుంచి మెట్లెక్కుతుంటే అనేది. పాటలు కావు. నేను ఇన్నాళ్ళూ వాడు పాటలు పాడి పెట్టాడనుకున్నాను. మమ్మల్ని పిలుచుకోవడానికి పెట్టుకున్నాడు. రోజూ వాడుకుందామని.

"మూడోది?" అన్నాను.

చెప్పనన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

"ఏమన్నావురా నన్ను? చెప్పు."

పలక లాక్కుని రాశాడు. "నువ్వు చెరిపావు. నేను చెప్పను."

వాణ్ణి బతిమాలాను. చేతులు పట్టుకున్నాను. వాడు చెయ్యి విదిలించుకోలేదు, చెప్పనూ లేదు. తర్వాత మైకు నోటిదగ్గర పెట్టుకుని మొదటి స్విచ్ నొక్కిపట్టి, నాలుకతో టక్ టక్‌మని రెండుసార్లు చప్పుడు చేశాడు. గొంతు లేకపోయినా నాలుక ఉంది కదా. మళ్ళీ నొక్కితే స్పీకర్లోంచి పెద్దగా వచ్చింది. వంటింట్లోంచి మరదలు "ఏంటీ?" అంటూ వచ్చింది. రెండోదాంట్లో పెదాలతో ముద్దు చప్పుడు పెట్టాడు. బుజ్జిది ఎక్కణ్ణించో పరిగెత్తుకొచ్చి మీద పడింది.

మూడోది వదిలేశాడు. మైకు పక్కన పెట్టేశాడు.

"మరి నాకు?" అన్నాను. నలభై ఎనిమిదేళ్ళవాణ్ణి, బుజ్జిదానిలా అడిగాను.

"కోపం పోయాక" అని రాశాడు.


మార్చి 21, శుక్రవారం

షాపు నుంచి వచ్చి పైకెళ్ళాను. మూడోది నొక్కాను. ఖాళీ.


మార్చి 22, శనివారం

ఖాళీ. వాడు గిటార్ శ్రుతి చేసుకుంటూ నావైపు చూడలేదు. టీ మాత్రం ఇప్పించాడు.


మార్చి 24, సోమవారం

ఖాళీ. బుజ్జిదాన్ని లంచం పెట్టి అడిగాను, మూడోదాంట్లో నాన్న ఏం చెప్పాడో తెలుసా అని. చాక్లెట్ తినేసి తెలీదంది.


మార్చి 26, బుధవారం

ఇవాళ మెట్లెక్కుతుంటే కొత్త భయం పట్టుకుంది. కోపం పోకపోతే? వాడు మొండివాడు. ఒకసారి నామీద అలిగి ఏడాది నా సైకిలెక్కలేదు. మళ్ళీ పరీక్షలున్నాయి నెలలో, గడ్డ తిరిగి వచ్చిందేమో చూస్తారు. ఏదైనా తేడా వస్తే? ఆ స్విచ్ అలా ఖాళీగానే ఉండిపోతే?

నొక్కాను. ఖాళీ. వెంటనే మళ్ళీ ఒకసారి నొక్కాను, పొరపాటేమోనని.


మార్చి 29, శనివారం

నొక్కగానే చెంపదెబ్బ.

అక్షరాలా చెంపదెబ్బే. ఛెళ్ళుమని. స్పీకరు ఫుల్లుగా పెట్టి ఉంచాడు. నేను రెండడుగులు వెనక్కి ఎగిరి మంచం కోడుకి తగిలి కూలబడ్డాను. చెంప కూడా పట్టుకున్నాను, నిజంగా కొట్టాడేమోనని. మైకు పక్కన పెట్టుకుని తొడ మీద కొట్టుకుని రికార్డు చేశాడట దొంగవెధవ.

వాడు నవ్వుతున్నాడు. చప్పుడు లేకుండా, పొట్ట పట్టుకుని, భుజాలు ఎగిరిపడేలా. మెడలోంచి గాలి ఉస్ ఉస్ ఉస్సుమని ముక్కలుముక్కలుగా వస్తోంది. వాడి కొత్త నవ్వు అలా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. మరదలు గుమ్మంలోంచి "బాగా అయింది బావగారికి" అంది.

నవ్వాగాక పలక మీద రాశాడు. "ఇక నిన్ను పిలవాలంటే ఇదే. వినపడగానే రావాలి."

"పాతది ఏమన్నావో ఇప్పుడైనా చెప్పవా?"

తల అడ్డంగా ఊపాడు. అది నేను చచ్చేదాకా తెలుసుకోలేను. ఆ శిక్ష అలాగే ఉంది, ఉండనీ.


మార్చి 30, ఆదివారం

పొద్దుటినుంచి నాలుగుసార్లు పిలిచాడు. ఒకసారి కిటికీ తలుపు బిగుసుకుందని, ఒకసారి గిటార్ తీగ తెగిందని. మిగతా రెండుసార్లు ఎందుకో చెప్పలేదు, ఊరికే కూర్చోబెట్టుకున్నాడు. కింద వాటాలో మా ఆవిడ ప్రతిసారీ ఉలిక్కిపడుతోంది, నేను మాత్రం

పైన ఛెళ్ళుమంది. వెళ్ళాలి.